బ్యాంకాక్ వీధి తిండి, చవక బజార్లు: ఏ రోజు, ఏ వేళ, ఏ వరుసలో

బ్యాంకాక్ వెళ్తున్నవాళ్లు అడిగేవి దాదాపు ఒకటే: బండి మీద తింటే పర్లేదా, బట్టలు ఎక్కడ చవక, అయిదు వందల బాత్‌లతో (బాత్ అంటే థాయ్‌లాండ్ డబ్బు) రోజు గడుస్తుందా? మూడింటికీ జవాబు వేళను బట్టి మారుతుంది. అక్కడ మనవాళ్ల డబ్బు పోయేది బేరం రాక కాదు. సోమవారం రాత్రి యావరాత్ తిండి వీధికీ, మంగళవారం చాతుచాక్ బజారుకీ వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి, ఆ ఉక్రోషంలో హోటల్ పక్క కొట్లో రెట్టింపు పెట్టి కొనడం వల్ల. అందుకే ముందు రోజులు కుదుర్చుకుందాం, ఆ తర్వాత తిండి, ఆపైన కొనుగోలు.

1. టికెట్ కొనకముందే వారం చూసుకోండి

చాతుచాక్ వీకెండ్ మార్కెట్ పేరుకు తగ్గట్టే శని, ఆదివారాల బజారు. వారం మధ్యలో మొక్కలు అమ్ముతారు గానీ బట్టలూ సామాన్లూ కావాలంటే ఆ రెండు రోజులే. యావరాత్ రోడ్డు, అంటే చైనాటౌన్, సాయంత్రం చీకటి పడ్డాక మొదలవుతుంది. సోమవారం చాలా బండ్లు రావు. ఆ రోజు నగరంలో మరికొన్ని చోట్ల కూడా పేవ్‌మెంట్లు బోసిగా ఉంటాయి.

కాబట్టి గురువారం దిగి సోమవారం బయల్దేరే ప్రయాణం ఈ పనికి బాగా కుదురుతుంది. శుక్రవారం పగలు చిన్న సామాన్ల సందు సంపెంగ్, అదే రాత్రి యావరాత్, రెండూ పక్కపక్కనే. శనివారం పొద్దున చాతుచాక్. ఆదివారం బట్టల బజారు ప్రతూనమ్. సోమవారం సర్దుకోవడం, మాల్ పనులు.

నెలల సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నడవగలిగే ఎండ. మే నుంచి అక్టోబర్ వరకు వానలు, సాయంత్రం పూట ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ పండగ. చిన్న కొట్లు చాలా మూతపడతాయి, వీధుల్లో నీళ్లు చల్లుకుంటారు. కొనుగోళ్లకు అవి పనికొచ్చే రోజులు కావు.

2. ఇంటి దగ్గరే చేసుకోవలసిన పనులు

- థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి. 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లో అధికారిక సైట్‌లో ఉచితంగా చేయొచ్చు. డబ్బు అడిగిందంటే అది ఏజెంటు సైటు.
- వీసా నిబంధనలు మారుతుంటాయి. థాయ్ రాయబార కార్యాలయం సైట్ చూడకుండా టికెట్ కొనొద్దు.
- మీకు సరిగ్గా సరిపోయే ఒక చొక్కా, ఒక ప్యాంటు, ఒక కుర్తా పరిచి టేపుతో కొలిచి ఫోన్‌లో రాసుకోండి. ఎవరికోసం కొంటున్నారో వాళ్ల కొలతలూ తీసుకోండి. టేపు కూడా సంచిలో వేసుకోండి.
- తిరుగు ప్రయాణానికి లగేజీ బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర కొంటే అంతకంటే బాగా ఎక్కువ పడుతుంది.
- మడత సంచి, చిన్న నాప్‌కిన్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మీకు అలవాటైన కడుపు మందులు.
- తినకూడనివేవో థాయ్ లిపిలో ఒక ఫోటోగా పెట్టుకోండి. ఎందుకో అయిదో భాగంలో చెప్తాను.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. తెల్లవారుజామున దిగే విమానమైతే హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వకపోవచ్చు. సామాను హోటల్‌లో వదిలేసి బయటపడొచ్చు. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు.

3. డబ్బు సంగతి

వీధి తిండికీ బజార్లకీ నగదే దిక్కు. బండ్ల మీద కనిపించే క్యూఆర్ కోడ్ అక్కడి బ్యాంకు ఖాతాల కోసం. మన యూపీఐని నమ్ముకుని వెళ్లొద్దు.

మన దేశం నుంచి రూపాయి నోట్లు మనిషికి 25,000 వరకే తీసుకెళ్లొచ్చు. డాలర్లు తీసుకెళ్తే మడతలూ మరకలూ లేని వంద నోట్లు తీసుకోండి. పెద్ద నోటుకి మంచి రేటిస్తారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో అరైవల్స్ అంతస్తులో కనిపించే బ్యాంకు కౌంటర్ల దగ్గర ఆగకండి. కింద, రైలు ఎక్కే అంతస్తులో, డబ్బు మార్చే చిన్న కౌంటర్లు వరసగా ఉంటాయి. రేటు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఏటీఎంలో మన కార్డు పెడితే ఒక్కో విత్‌డ్రాకి 220 బాత్ లేదా ఆపైన ఫీజు పోతుంది. తప్పదంటే ఒకేసారి ఎక్కువ తీయండి. తెర మీద "రూపాయల్లో లెక్కించమంటారా" అని అడిగితే వద్దనండి; బాత్‌లలోనే కానివ్వండి. రూపాయల్లోకి మార్చే ఆ రేటు మనకెప్పుడూ నష్టమే.

బాత్ విలువ రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతుంది. మనసులో లెక్కకి మూడుతో హెచ్చవేయండి. కొనేటప్పుడు కాస్త భయం ఉండటం మంచిదే.

20, 50, 100 నోట్లు వేరే జేబులో ఉంచుకోండి. బండివాళ్ల దగ్గర పొద్దున్నే వెయ్యి నోటు తీస్తే చిల్లర ఉండదు. వీధివీధినా ఉండే సెవెన్ ఎలెవెన్ కొట్లో నీళ్ల సీసా కొని వెయ్యి నోటు మార్చుకోవడం అందరూ చేసే పనే. నోట్ల మీద రాజు బొమ్మ ఉంటుంది. నోటు కిందపడితే కాలితో తొక్కి ఆపొద్దు, చాలా పెద్ద తప్పుగా చూస్తారు.

4. తిరగడం

సువర్ణభూమి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కితే చివరి స్టేషన్ ఫాయా థాయ్ వరకు 45 బాత్‌లు. అక్కడ బీటీఎస్ స్కైట్రెయిన్‌లోకి మారొచ్చు. ప్రతూనమ్ దగ్గర హోటల్ తీసుకుంటే ఇదే దారిలో ముందే వచ్చే రాచప్రారోప్ స్టేషన్‌లో దిగడం సుఖం.

- చాతుచాక్: బీటీఎస్ మో చిట్, లేదా ఎమ్మార్టీ (మెట్రో రైలు) కాంఫేంగ్ ఫెట్. రెండోది మేలు, గేటు బజారు లోపలికే తెరుచుకుంటుంది.
- యావరాత్: ఎమ్మార్టీ వాట్ మాంగ్‌కోన్.
- సంపెంగ్, పక్కనే మనవాళ్ల బజారు పాహురత్: ఎమ్మార్టీ సామ్ యోట్ లేదా వాట్ మాంగ్‌కోన్.
- ఎమ్‌బీకే మాల్: బీటీఎస్ నేషనల్ స్టేడియం.
- టెర్మినల్ 21 మాల్: బీటీఎస్ అసోక్, ఎమ్మార్టీ సుఖుమ్‌విత్.

ఎమ్మార్టీ బ్లూ లైన్ గేటు దగ్గర ట్యాప్ చేసే వీసా, మాస్టర్‌కార్డ్‌లు పనిచేస్తాయి. బీటీఎస్‌కి టికెట్ తీసుకోవాలి. టాక్సీ మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది. మీటరు వెయ్యనంటే దిగిపోండి, గ్రాబ్ లేదా బోల్ట్ యాప్‌లో బండి పిలవండి. టుక్‌టుక్ సరదాకి ఒకసారి చాలు, అదీ ఎక్కేముందే రేటు మాట్లాడుకుని. "ఈరోజు గ్రాండ్ ప్యాలెస్ మూసేశారు, నేను వేరే చోట చూపిస్తా" అని దారిలో ఎవరైనా ఆప్యాయంగా చెప్పారంటే ఆ దారి రాళ్లూ నగలూ అమ్మే కొట్టు దగ్గర తేలుతుంది. మాట కలపకుండా నడిచిపోండి.

5. తిండి: మొదటి పూట బండి దగ్గర వద్దు

తొలి భోజనం ఫుడ్ కోర్టులో చేయండి. టెర్మినల్ 21 లోని పియర్ 21 ఇందుకు సరిగ్గా సరిపోతుంది. కౌంటర్‌లో డబ్బిచ్చి కార్డు తీసుకోవాలి, తిన్నాక మిగిలింది అదే రోజు వెనక్కి ఇస్తారు. మాల్‌లో ఉన్నా ధరలు వీధి ధరలే. ఇంగ్లిష్‌లో పేర్లు, ఎదురుగా ఫోటోలు ఉంటాయి. ఏ వంటకం ఎలా ఉంటుందో, ఏ వాసన మీకు పడుతుందో ఇక్కడ తెలుసుకుంటే మర్నాడు వీధిలో తడబడరు.

ఇక వీధిలోకి. ముందు ఒక నిజం ఒప్పుకోవాలి: థాయ్ వంటలో కంటికి కనిపించని మాంసం చాలా ఉంటుంది. కూరగాయల వేపుడు అని తెప్పించుకుంటే అందులో చేపల సాస్ నామ్ ప్లా, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ రెండూ ఉంటాయి. పచ్చి బొప్పాయితో దంచే సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు. నూడుల్స్ సూప్ ఎక్కువగా పంది ఎముకల పులుసు. ఖావ్ మన్ గాయ్‌లో అన్నమే కోడి పులుసులో వండుతారు, ముక్కలు పక్కన పెట్టినా లాభం లేదు. విక్టరీ మాన్యుమెంట్ దగ్గర చిన్న చిన్న గిన్నెల్లో ఇచ్చే బోట్ నూడుల్స్ పులుసు చిక్కబడేది పంది లేదా గొడ్డు రక్తంతో. తెలిసి తినేవాళ్లకి అద్భుతం, తెలియక తిన్నవాళ్లకి ఇంటికొచ్చాక బెంగ.

శాకాహారులు వెతకాల్సింది పసుపు రంగు జెండా మీద ఎర్రటి "జే" అక్షరం. మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. ఆ కొట్లో మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు; వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో వచ్చే తొమ్మిది రోజుల శాకాహార పండగలో యావరాత్ అంతా ఈ జెండాలే. మిగతా రోజుల్లో మరీ ఇబ్బందైతే పాహురత్‌లో, గురుద్వారా చుట్టుపక్కల, మన దేశపు శాకాహార భోజనం దొరుకుతుంది.

అడగాల్సిన మాటలు:

- పంది వద్దు: మై సై మూ
- గొడ్డు మాంసం వద్దు: మై సై నూవా
- చేపల సాస్ వద్దు: మై సై నామ్ ప్లా
- కారం వద్దు: మై పెట్, కొంచెం చాలు: పెట్ నిత్ నోయ్
- ఎంత: తావ్ రై

మగవాళ్లు చివర ఖ్రప్, ఆడవాళ్లు ఖా చేర్చాలి. అయితే థాయ్ మాటలు రాగం మీద నడుస్తాయి. మన నోట అవి వేరే ఏదో అయిపోతాయి. నోటితో మర్యాదకి చెప్పండి, అసలు సంగతికి ఫోన్‌లోని ఫోటో చూపించండి. వేరుశనగ పడనివాళ్లకి ఇది ప్రాణం మీది విషయం, వేయించిన నూడుల్స్ పాడ్ థాయ్‌లో వేరుశనగ పొడి మామూలుగానే చల్లుతారు.

కారం గురించి గుంటూరు ధీమా పనికిరాదు. అక్కడి చిన్న మిరపకాయ పచ్చిగా, పులుపుతో కలిసి దిగుతుంది. మన నోటికి అలవాటైన కారం వేరు. తక్కువతో మొదలుపెట్టండి. చాలకపోతే బల్ల మీద నాలుగు గిన్నెలు ఉంటాయి: ఎండుకారం, మిరపకాయలు వేసిన వెనిగర్, చేపల సాస్, పంచదార. నూడుల్స్‌లో పంచదార వేసుకోవడం వింతగా ఉన్నా ఒకసారి చిటికెడు వేసి చూడండి.

6. బండిని ఎంచుకునే పద్ధతి

ఎక్కువమంది ఉన్న బండి మంచిదని అందరూ చెప్పేదే. అది సగం నిజం. వీడియోల్లో చూసి వచ్చిన పర్యాటకుల వరస వేరు, ఆఫీసు బట్టల్లో నిలబడ్డ స్థానికుల వరస వేరు. రెండోదాని వెనక నిలబడండి.

- మీ కళ్లెదుట, మంట మీద వండి ఇస్తున్నారా?
- పచ్చి మాంసం మంచు మీద ఉందా, ఎండలో ఉందా?
- డబ్బు ముట్టుకున్న చేత్తోనే తిండి ముట్టుకుంటున్నారా?
- బండి మీద రెండు మూడు వంటకాలేనా? యాభై రకాలు చేస్తానన్న బండి నాకెప్పుడూ అనుమానమే.
- ఐసు గొట్టంలా మధ్యలో కన్నంతో ఉందా? అది ఫ్యాక్టరీ ఐసు, ఫర్వాలేదు. కుళాయి నీళ్లు మాత్రం తాగొద్దు.

ట్రేలలో వరసగా కూరలు పెట్టి అన్నం మీద వడ్డించే కొట్లుంటాయి. అవి పొద్దున ఏడు నుంచి పది మధ్య బాగుంటాయి. మధ్యాహ్నం మూడింటికి ఆ ట్రేలు అలాగే ఉంటే వదిలేయండి. సోమ్ తమ్‌లో పచ్చి పీత, పులియబెట్టిన చేప వేసే రకం ఉంది; అలవాటు లేని కడుపుకి వద్దు. వేరుశనగ వేసే సోమ్ తమ్ థాయ్ అడగండి.

మొదట తినదగినవి: బొగ్గుల మీద కాల్చిన కోడి గాయ్ యాంగ్, దాంతో జిగురు అన్నం. పంది తినేవాళ్లకి పుల్లకి గుచ్చిన మూ పింగ్, పొద్దున్నే ఆఫీసు దారుల్లో దొరుకుతుంది. కొబ్బరిపాలతో గుంతల పెనం మీద పోసే ఖనోమ్ క్రోక్ మన గుంతపొంగనాలకి తియ్యటి చెల్లెలు. ముస్లింల బండ్ల మీద అరటిపండు రోటీ. గుడ్డు వద్దంటే ముందే చెప్పాలి. మామిడిపండుతో జిగురు అన్నం ఏడాదంతా అమ్ముతారు గానీ, మన దగ్గరలాగే వేసవిలోనే అసలు రుచి. చాలా బండ్ల మీద ప్లేటు 50 నుంచి 100 బాత్‌ల మధ్య తేలుతుంది. సముద్రపు తిండి, యావరాత్ పెద్ద కొట్లు వేరే లెక్క. ధర రాసిలేని చేపలూ రొయ్యలూ తూకం వేయించేముందే అడగండి.

ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి. యావరాత్‌లో మొదటి బండి దగ్గరే కడుపు నింపుకుని, తర్వాత కనిపించిన ప్రతిదాన్నీ చూస్తూ నిట్టూర్చేవాళ్లు ఎక్కువ. ముందు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏమీ తినకుండా నడవండి, వెనక్కి వస్తూ తినండి.

తినే పద్ధతి కూడా చూసుకోవాలి. అన్నం చెంచాతో తింటారు, ఫోర్కు ఎడమ చేత్తో నెట్టడానికి. బల్లలు ఏ బండివి ఆ బండివే. వేరే చోట కొన్నది తెచ్చి అక్కడ కూర్చోవద్దు. తిండి దగ్గర బేరం ఆడరు. చెత్త డబ్బాలు అరుదు, రోడ్డు మీద పారేస్తే 2,000 బాత్‌ల దాకా జరిమానా. ఒక ఖాళీ కవరు దగ్గరుంచుకోండి.

7. కొనుగోలు: ఏది ఎక్కడ

చాతుచాక్. 15,000కి పైగా కొట్లు, 27 సెక్షన్లు. తొమ్మిదికల్లా చేరాలి, పన్నెండు దాటాక ఆ రేకుల కింద నిలబడలేం. మధ్యలో ఉన్న గడియార స్తంభాన్ని కలుసుకునే చోటుగా ఇంట్లోవాళ్లకి చెప్పి పెట్టండి. ఇక్కడ సూత్రం ఒకటే: నచ్చితే అప్పుడే కొనండి. "తిరిగి వచ్చేటప్పుడు చూద్దాం" అన్న కొట్టు మళ్లీ దొరకదు. అంతగా ఆలోచించాలంటే సెక్షన్, వీధి నంబర్లున్న బోర్డు ఫోటో తీసుకోండి. ఇంటి అలంకరణ, పింగాణీ, తోలు వస్తువులు, చేతిపనులు ఇక్కడ బాగుంటాయి. అలిసిపోయాక రోడ్డు దాటితే ఓర్ తోర్ కోర్ పండ్ల బజారు. శుభ్రం, కూర్చునే చోటు, మంచి పండ్లు. ధర మాత్రం ఎక్కువ.

ప్రతూనమ్, ప్లాటినమ్ ఫ్యాషన్ మాల్. బట్టలకి ఇదే. ఇక్కడ సూత్రం తలకిందులు: మొదటి గంట ఏమీ కొనకుండా తిరగండి. అదే డ్రెస్సు మూడు అంతస్తుల్లో మూడు ధరలకి కనిపిస్తుంది. చాలా కొట్లలో ఒకటి కొంటే ఒక ధర, మూడు కొంటే టోకు ధర. రంగులు వేరైనా కలిపి మూడుగా లెక్కేస్తారా అని అడగండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొంటే అందరికీ లాభం.

తొడిగి చూడనివ్వరు, మార్పిడి ఉండదు. ఇంటి దగ్గర రాసుకున్న కొలతలు ఇప్పుడు తీయండి. అక్కడి ఫ్రీ సైజ్ మనలో చాలామందికి బిగుతు. కుట్టు, జిప్పు, చంకల దగ్గర గుడ్డ అక్కడే లాగి చూడండి. మాల్ బయట పేవ్‌మెంట్ల మీద పొద్దున్నే టోకు అమ్మకం జరుగుతుంది. పిల్లల బట్టలు, ఏనుగుల బొమ్మల వదులు ప్యాంట్లు అక్కడ చూడండి.

సంపెంగ్. సన్నటి సందు, మధ్యలో తోపుడు బండ్లు, మోటారుసైకిళ్లు. క్లిప్పులు, పూసలు, రిబ్బన్లు, బొమ్మలు డజన్ల లెక్కన. పగటి పూట వెళ్లండి, సాయంత్రానికి షట్టర్లు దిగుతాయి. ఒక హెచ్చరిక: ఇక్కడి సరుకు చాలావరకు చైనాది. బేగంబజార్‌లోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో దొరికేదాన్ని విమానంలో మోసుకురావడం దండగ. పక్కనే ఉన్న పాహురత్‌లో చీరలు చూసి ముచ్చటపడి కొనడం అంతకంటే దండగ.

ఎమ్‌బీకే. వాన పడితే, లేదా సోమవారమైతే. ఫోన్ కవర్లు, బ్యాగులు, చిన్న కానుకలు. పెద్ద బ్రాండ్ పేరుతో తక్కువ ధరకి కనిపించేది నకిలీ. ఫోన్లు ఇక్కడ కొనమని నేనెవరికీ చెప్పను.

బిగ్ సీ, రాజ్‌దమ్రి. ఇంటికి తీసుకెళ్లే తినుబండారాలు మార్కెట్ల కన్నా సూపర్‌మార్కెట్‌లోనే చవక, ధర రాసి ఉంటుంది. ఎండు మామిడి, థాయ్ టీ, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చే యాడోమ్. శాకాహారుల ఇంటికైతే టామ్ యమ్ పులుసు ముద్ద కొనేముందు డబ్బా వెనక చదవండి, రొయ్య ఉంటుంది.

8. బేరం ఎలా

ధర చీటీ ఉన్నచోట అడగొద్దు. లేనిచోట నవ్వుతూ "లోత్ దై మై" అనండి, అంటే తగ్గించగలరా అని. క్యాలుక్యులేటర్ మీ చేతికిస్తారు. సగానికి సగం నొక్కడం మన దగ్గర చెల్లుతుందేమో. అక్కడ ముఖం తిప్పుకుంటారు. నూటికి పదిహేను, ఇరవై తగ్గితే మంచి బేరం. ఒకదానికి తగ్గించమనే కన్నా "రెండు తీసుకుంటే ఎంత" అనడం తొందరగా పనిచేస్తుంది. గొంతు పెంచితే పని చెడుతుంది. వాళ్లు మీ ధరకి ఒప్పుకున్నాక కొనకుండా వెళ్లడం మాత్రం మర్యాద కాదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

కడుపు చెడింది: ఒక పూట బండ్లు మానేసి ఓఆర్‌ఎస్, బియ్యపు గంజిలాంటి జోక్ తినండి, మామూలుగా పంది ఉండలు వేస్తారు, వద్దంటే చెప్పాలి. జ్వరమో రక్తమో కనిపిస్తే ఆసుపత్రికే.

ఎండకి తల తిరుగుతోంది: ఎదురుగా కనిపించే సెవెన్ ఎలెవెన్‌లోకి దూరండి. పదకొండు నుంచి మూడు వరకు ఏసీలో ఉండే పనులు పెట్టుకోండి.

ఘాటు వాసన వేసే దురియన్ పండు కొని హోటల్‌కి తెచ్చారు: చాలా హోటళ్లు రానివ్వవు, జరిమానా వేస్తాయి. కొన్నచోటే తినేయండి.

బుద్ధ విగ్రహం కొన్నారు: దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. ఇంటి అలంకరణకి వేరే ఏదైనా చూసుకోండి. ఈ-సిగరెట్లు ఎవరైనా చవకగా చూపించినా ముట్టుకోవద్దు, ఆ దేశంలో నిషేధం.

10. బయల్దేరే రోజు

పెద్ద మాల్స్‌లో ఒకే కొట్లో ఒకే రోజు 2,000 బాత్‌లకి పైగా కొనుంటే 7 శాతం వ్యాట్ పన్నులో కొంత వెనక్కి వస్తుంది. కొన్నప్పుడే పాస్‌పోర్టు చూపించి పీపీ 10 ఫారం తీసుకోవాలి. కొన్నవాటి విలువ ఎక్కువైతే ఎయిర్‌పోర్టులో చెకిన్‌కి ముందే కస్టమ్స్ కౌంటర్‌లో ముద్ర వేయించుకోవాలి. బ్యాగు బెల్టు మీద వేసేశాక అడిగితే కుదరదు. బజారు కొట్లలో ఈ ఫారం ఉండదు.

- సాస్‌లు, ముద్దలు, క్రీములు పెద్ద బ్యాగులోకి; క్యాబిన్‌లో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా ఆపేస్తారు.
- పింగాణీ వస్తువులు బట్టల మధ్య చుట్టండి.
- బిల్లులు ఒక కవరులో.
- బ్యాగు బరువు హోటల్ లాబీలోనే తూయించండి.
- సువర్ణభూమికి వెళ్తున్నారా, డాన్ మువాంగ్‌కా అని టికెట్ మరోసారి చూడండి. రెండూ నగరానికి చెరో దిక్కు.
- మిగిలిన నోట్లు మార్చుకోవచ్చు గానీ నాణేలు ఎవరూ తీసుకోరు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందే సెవెన్ ఎలెవెన్‌లో ఖర్చు పెట్టేయండి.